మడకశిర వానలెక్క

శ్రీ సత్యసాయి జిల్లా నైరృతి భాగమున మడకశిర కలదు. 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో జిల్లాలను పునర్విభజించు వఱకు ఇది అనంతపురము జిల్లాలోనిది. పటమున చూచినచో ఈ సీమ కర్ణాటక రాష్ట్రములోనికి చేయి చాచినట్లుండును. మూడు వైపుల కన్నడసీమ. ఒక వైపున మాత్రము తెలుగునేల. అందుచేత ఇచటి పిల్లలలో అనేకులకు ఇంట నొక భాష, బడిలో నొక భాష, సంతలో రెండును వినుట చిన్ననాటి నుండి అలవాటు.

ఈ సీమకు వాన తక్కువ. నైరృతి ఋతుపవనములు పడమటి కనుమలకు తగిలి తమ నీటిలో ఎక్కువ పాలు అచటనే విడిచి వచ్చును. ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరము నుండి ఇంత దూరము వచ్చునప్పటికి వాని బలము తగ్గిపోవును. పూర్వపు అనంతపురము జిల్లాలో సంవత్సరమునకు కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ కొద్దిపాటి వానయు ఒక క్రమమున కురియదు. ఒక్కొక్కప్పుడు నెల వాన యంతయు రెండు దినములలో కురిసిపోవును. మిగిలిన దినములు ఎండతో గడచును. వేరుసెనగ విత్తిన రైతు ఆకాశము వైపు చూచుచు దినములు లెక్కపెట్టుకొనుచుండును. కావున ఇచట వానలెక్క పొద్దుపోక చేయు లెక్క కాదు.

వానను కొలుచు పద్ధతి దేశమంతటను ఒక్కటే. ప్రతిదినము ఉదయము 8-30 గంటలకు వర్షమాపకమును చూచి, గడచిన 24 గంటలలో ఎన్ని మిల్లీమీటర్ల వాన కురిసినదో పుస్తకమున నమోదు చేయుదురు. 2.5 మిల్లీమీటర్లు గాని, అంతకు మించి గాని కురిసిన దినమునే వాతావరణ శాఖవారు వానదినముగా గణింతురు. నాలుగు చినుకులు రాలిన దినము వానదినము కాదన్నమాట.

ఈ నమోదు పుస్తకమును ముందుంచుకొని విద్యార్థులను ఒక చిన్న ప్రశ్న అడుగవచ్చును. దినదినపు వాన అంకెలు వరుసగా వచ్చుచుండును. వాని సరాసరిని కట్టి చెప్పునట్లు కంప్యూటరునకు ఒక ప్రోగ్రాము వ్రాయవలెను. ఎన్ని దినముల అంకెలు వచ్చునో ముందుగా తెలియదు. అంకెలు ముగిసినవని తెలుపుటకు చివర –1 అని యుండును. వాన సున్నకంటె తక్కువ కురియదు గనుక –1 నిజమైన వాన అంకె కాజాలదు. అది కేవలము ముగింపు గుర్తు.

ప్రోగ్రామనగా కంప్యూటరు ఒకదాని తరువాత ఒకటిగా చేయవలసిన పనుల ఆజ్ఞాపత్రము. "ఉప్పు తగినంత వేయుము" అన్నచో వంటమనిషికి చాలును. కంప్యూటరునకు అది చాలదు. దానికి ఊహ లేదు. చెప్పినది చెప్పినట్లు చేయును, చెప్పనిది చేయదు. అందుచేత ప్రోగ్రాము వ్రాయుటకు కావలసినది మీటలు నొక్కు వేగము కాదు. పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీసి, ఏది ముందు ఏది వెనుక యని నిర్ణయించు శక్తియే అందు ప్రధానము.

సరాసరి కట్టుట ఎనిమిదవ తరగతివారికి కొత్త గాదు. మఱి ఈ ప్రశ్నలో కష్టమేమున్నది? ఆశ్చర్యకరమైన విషయమేమనగా, ప్రోగ్రాము వ్రాయుట తెలిసినదా లేదా యని తెలిసికొనుటకు లోకమున ఎక్కువగా వాడిన ప్రశ్నలలో ఇది యొకటి. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున ఎలియట్ సోలొవే అను ఆచార్యుడు, ఆయన సహచరులు 1980 తరువాతి సంవత్సరములలో దీనిని విద్యార్థుల కిచ్చి పరీక్షించిరి. మొదట వారిచ్చిన రూపమున వాన మాట లేదు. సంఖ్యలను చదువుచు పోయి 99999 రాగానే ఆగి, ఆ కడపటి సంఖ్యను కలుపక సరాసరి చెప్పవలెనని యుండెను. తరువాత దానికి వాన కథ తోడై, "వర్షపాతపు సమస్య" యను పేరు స్థిరపడెను. కొత్తగా నేర్చుచున్న కళాశాల విద్యార్థులలో సగమునకు మించినవారు దానిని తప్పుగా చేసిరి. వారికి సరాసరి తెలియక కాదు.

తప్పు ఎచట జరుగునో చూతము. మడకశిరలో ఎనిమిదవ తరగతి చదువు ఒక బాలిక ఈ ప్రశ్నకు ఇట్లు సమాధానము వ్రాసినదనుకొందము. ఆంగ్లపదములకు బదులు ఆమె తెలుగుపదములనే వాడినది.

మొత్తము = 0
దినములు = 0
వాన = 0
వాన –1 కానంతవఱకు ఈ మూడు పనులు మరల మరల చేయుము:
    వాన అంకెను చదువుము
    మొత్తము = మొత్తము + వాన
    దినములు = దినములు + 1
సరాసరి = మొత్తము ÷ దినములు
సరాసరిని చూపుము

ఇందు "మొత్తము = మొత్తము + వాన" అను పంక్తి బీజగణితము చదువుచున్నవారికి వింతగా తోచును. వాన సున్న కానప్పుడు అది ఎట్లు నిజమగును? బీజగణితమున సమానపు గుర్తు రెండు వైపులు ఒక్కటే యని చెప్పును. ప్రోగ్రామునందు అట్లు కాదు. కుడివైపున నున్న దానిని లెక్కకట్టి, వచ్చిన విలువను ఎడమవైపు పేరుగల పెట్టెలో వేయుమని దాని అర్థము. పెట్టెలోని పాత విలువ పోవును, కొత్తది చేరును. ఈ చిన్న భేదము తెలియక తికమకపడువారు చాలమంది. "అ = 5; ఆ = అ; అ = 7. ఇప్పుడు 'ఆ' విలువ ఎంత?" అని అడిగిచూచినచో వెంటనే బయటపడును. 7 అని చెప్పువారు సమానపు గుర్తును బీజగణితపు కన్నులతోనే చూచుచున్నారు. సరియైన సమాధానము 5.

ఇక బాలిక వ్రాసిన ప్రోగ్రామును పలకమీద నడిపి చూడవలెను. వాన అంకెలు 0, 12, 0, 38, 10, –1 అనుకొందము. మొదటి అంకె చదివిన పిదప మొత్తము 0, దినములు 1. రెండవ అంకెతో మొత్తము 12, దినములు 2. మూడవదానితో మొత్తము 12, దినములు 3. నాల్గవదానితో 50, 4. అయిదవదానితో 60, 5. ఇంతవఱకు అంతయు సక్రమము. తరువాత –1 వచ్చును. ప్రోగ్రాము దానిని చదువును. చదివి ఊరకుండక మొత్తమునకు కలుపును, దినములలో ఒకటి హెచ్చించును. అప్పుడు గాని, –1 వచ్చినదా యని పరీక్షింపదు. మొత్తము 59, దినములు 6. సరాసరి 9.83 అని చూపును. నిజమైన సరాసరి 60 ÷ 5, అనగా 12.

ఈ సమాధానమునకు ఎన్ని మార్కులు? జవాబు తప్పు గనుక సున్న యని ఒక పరీక్షకుడు వేయవచ్చును. పంక్తులన్నియు చూడముచ్చటగా నున్నవని మఱియొకడు పూర్తి మార్కులు వేయవచ్చును. ఇద్దఱును ఆ బాలికకు అన్యాయమే చేసిరి. ఆమెకు పెట్టెలను ఏర్పఱచుట తెలియును; అంకెలను పోగుచేయుట తెలియును; పనిని మరల మరల చేయించుట తెలియును. తెలియనిది ఒక్కటే: చదువుటకును, పరీక్షించుటకును, కలుపుటకును మధ్య నుండవలసిన వరుస. మొదటి అంకెను చక్రమునకు వెలుపలనే చదివి, చక్రములో కలుపుటలు ముగించి, చివర తరువాతి అంకెను చదివినచో –1 కలియుటకు తావే లేదు. ఒక్క పంక్తి చోటు మారవలెను. ఒక్క పంక్తి అదనముగా చేరవలెను. ఆమె ఎంత దూరము నడచి ఎచట ఆగినదో చెప్పలేని పరీక్ష ఆమెకు గాని, ఉపాధ్యాయునకు గాని ఉపయోగపడదు.

అట్టి విషయము నోటి ప్రశ్నతో త్వరగా తెలియును.

"చివర –1 వచ్చినప్పుడు నీ ప్రోగ్రాము ఏమి చేయునమ్మా?" అని ఉపాధ్యాయుడు అడిగినాడనుకొందము.

"చదువును సార్. తరువాత మొత్తమునకు కలుపును."

"కలిపిన తరువాత?"

"దినములకు ఒకటి..." అని బాలిక ఆగిపోవును. "కలుపరాదు సార్! అది వాన కాదు గదా!"

దిద్దుమని ఎవరును ఆమెకు చెప్పలేదు. తన ప్రోగ్రామును తానే నడిపి, తానే పట్టుకొనెను. ఆ పట్టుకొనుట కూడ మార్కులు వేయదగిన పనియే.

ప్రక్కనే యొక బాలుడు కూర్చున్నాడు. అతని ప్రోగ్రాము 12 అని సరిగా చూపుచున్నది. కాని అది స్నేహితుని పుస్తకము నుండి మక్కికి మక్కి దించినది. చదువుటను చక్రము చివర ఎందుకుంచితివని అడిగినచో అతనికి నోట మాట రాదు. జవాబును మాత్రము చూచు పరీక్షలో ఇతనికి పది మార్కులు, ఆ బాలికకు సున్న. కంప్యూటరు విద్యలో పరీక్షను గూర్చిన చిక్కంతయు ఈ యిద్దఱి నడుమ నున్నది.

భారతదేశపు పాఠశాలలలోనికి కంప్యూటరు వచ్చి నలువది సంవత్సరములు దాటినవి. 1984-85లో కేంద్ర ప్రభుత్వము "క్లాస్" అను పథకమును ప్రారంభించి, ఇంగ్లండులో రూపొందిన బి.బి.సి. మైక్రో అను చిన్న కంప్యూటరులను కొన్ని ఉన్నత పాఠశాలలకు పంపెను. 2020నాటి జాతీయ విద్యావిధానము ఆఱు మొదలు ఎనిమిది తరగతుల పిల్లలకు ప్రోగ్రాము వ్రాయు కృత్యములు పరిచయము చేయవలెనని చెప్పినది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలోని ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచిరి. యంత్రములు ఇట్లు వచ్చుచున్నవి గాని ప్రశ్నల తీరు అంత త్వరగా మారలేదు. "కంప్యూటరు భాగములను పేర్కొనుము", "సి.పి.యు. అను పొడి అక్షరముల పూర్తిరూపము వ్రాయుము" అను ప్రశ్నలకు రాత్రి కూర్చుండి కంఠస్థము చేసినవాడు ఉదయము జవాబు వ్రాయగలడు. చెఱువుగట్టుపై కూర్చుండి ఈతను గూర్చి వ్యాసము వ్రాసినవానికి ఈత వచ్చినదని ఎవరు నమ్ముదురు?

కేరళ రాష్ట్రమువారు 2001లో పాఠశాలల కంప్యూటరు విద్యకు ప్రత్యేక పథకము నెలకొల్పి, పదవ తరగతి పరీక్షలో విద్యార్థిని కంప్యూటరు ముందు కూర్చుండబెట్టి పని చేయించి చూచు పద్ధతిని అమలు చేసిరి. ఇది మేలైన మార్గము. ఐనను పని చేయించుట మాత్రముననే చిక్కు తీఱదు. ఇంగ్లండు అనుభవము ఇందుకు నిదర్శనము. అచటి పదునాఱేండ్ల విద్యార్థులు వ్రాయు జి.సి.ఎస్.ఇ. పరీక్షలో కంప్యూటరు శాస్త్రమునకు 20 గంటల ప్రోగ్రాము పని యొకటి యుండెను. నూటికి 20 మార్కులు దానికే. 2017లో ఆ పనుల ప్రశ్నలును, వాని పూర్తి సమాధానములును ఇంటర్నెట్టులో బయటపడెను. ఎవరు స్వయముగా చేసిరో, ఎవరు చూచి దించిరో తేల్చుట అసాధ్యమాయెను. పరీక్షలను పర్యవేక్షించు ఆఫ్‌క్వాల్ అను సంస్థ, ఆ పనికి వచ్చిన మార్కులను ఫలితములలో చేర్చరాదని 2018 జనవరిలో నిర్ణయించెను. అయితే విద్యార్థులు ఆ 20 గంటలు ప్రోగ్రాములు వ్రాయుట మాత్రము మానరాదనిరి. మార్కులు లేకున్నను పని ఉండవలెననుట ఆ నిర్ణయములోని మెచ్చుకొనదగిన భాగము. 2022 నవంబరులో చాట్ జి.పి.టి. వెలువడిన పిదప, అడిగినంతనే ప్రోగ్రాము వ్రాసియిచ్చు యంత్రమే ఇంటింట చేరుచున్నది. ఇంటి వద్ద వ్రాసి తెచ్చిన ప్రోగ్రామును మాత్రము చూచి మార్కులు వేయుట ఇక చెల్లదు.

మఱి ఏమి చూడవలెను? దీనికి కొంత వెలుగు కళాశాలల నుండి వచ్చినది. 2001లో మెక్రాకెన్ అను ఆచార్యుని నాయకత్వమున నాలుగు విశ్వవిద్యాలయములలోని 216 మంది ప్రారంభ విద్యార్థులకు ప్రోగ్రాములు వ్రాయు పరీక్ష పెట్టిరి. 110 మార్కులకు వారికి సరాసరిని వచ్చినవి 23 మార్కులైన కావు. పాఠములు చెప్పినవారు దిగ్భ్రాంతులైరి. సమస్యను మెట్లుగా విడదీయు శక్తి లేకపోవుట కారణమని కొందఱనిరి. 2004లో రేమండ్ లిస్టర్ అను ఆయనయు, ఏడు దేశముల ఉపాధ్యాయులును మఱియొక ప్రశ్న వేసికొనిరి: వీరు వ్రాయలేకపోవుట సరే, ఇతరులు వ్రాసియిచ్చిన చిన్న ప్రోగ్రామును చదివి అది ఏమి చేయునో చెప్పగలరా? చాలమంది అదియు సరిగా చెప్పలేకపోయిరి.

ఇది తెలుగు చదువు నేర్చినవారికి వింత కాదు. పద్యమును పదవిభాగముతో చదువలేనివానిని పద్యము వ్రాయుమని ఎవరును అడుగరు. ప్రోగ్రాములోను అంతే. ముందు పలకమీద నడిపి, ఏ పెట్టెలో ఏ విలువ యున్నదో మెట్టుమెట్టునకు చెప్పగలుగవలెను. పిదప తప్పున్న ప్రోగ్రామును ఇచ్చినచో తప్పు పట్టుకొనగలుగవలెను. ఒక ప్రోగ్రాము ఎందుకొఱకో ఒక్క వాక్యమున చెప్పగలుగవలెను. కొత్త ప్రోగ్రాము వ్రాయుట వీనితో పాటు పెరుగు శక్తి. వీనిలో మొదటి మూడింటికి కంప్యూటరే అక్కఱలేదు. విద్యుత్తు పోయిన దినమున కూడ పలకయు బలపమును చాలును.

కంప్యూటరు లేకుండ ఈ ఆలోచనాశక్తిని పరీక్షించు పోటీ యొకటి లోకమున ప్రసిద్ధమైనది. 2004లో లిథువేనియా దేశమున ఆచార్య వాలెంటీనా దగియెనె దీనిని ప్రారంభించెను. పేరు "బెబ్రాస్", ఆ దేశభాషలో నీటికుక్కవలె నీటను నేలను తిరుగుచు కొమ్మలతో ఆనకట్టలు కట్టు బీవరు అను జంతువునకు ఆ పేరు. ఇందలి ప్రశ్నలు కథల రూపమున, బొమ్మల రూపమున ఉండును. ఏ ప్రోగ్రాము భాషయు తెలియనక్కఱలేదు. భారతదేశమున దీనిని సి.ఎస్. పాఠశాల అను కార్యక్రమమువారు నడుపుచున్నారు.

మడకశిర వంటి చోట ఈ విషయము ముఖ్యమైనది. ప్రోగ్రాము భాషలలోని మాటలు ఆంగ్లమునకు చెందినవి. ఇంట కన్నడము, బడిలో తెలుగు విను పిల్లవాడు ఒక ఆంగ్లపదమున ఒక అక్షరము తప్పు వ్రాసినచో కంప్యూటరు ముందుకు సాగదు. కంప్యూటరు ఆగిపోవుట న్యాయమే. దానికి అంతకంటె తెలియదు. పరీక్షకుడు కూడ ఆగిపోవుట న్యాయము కాదు. అక్షరదోషము వేఱు, ఆలోచనాదోషము వేఱు. పై బాలిక తెలుగులో వ్రాసిన ప్రోగ్రామును చూడగనే ఆమె ఆలోచన అద్దములో వలె కనబడినది. ఆ తరువాత ఆంగ్లపదములు నేర్పుట పది పదునైదు మాటల పని.

తొందరపడి తీర్పు చెప్పుట పెద్దలకును ప్రమాదకరమే. 2006లో ఇంగ్లండులోని మిడిల్‌సెక్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన సయీద్ దెహ్నాదీ, రిచర్డ్ బోర్నాట్ అను వారు, పెట్టెల విలువలను గూర్చిన కొన్ని ప్రశ్నలతో ఎవరికి ప్రోగ్రాము విద్య అబ్బునో, ఎవరికి అబ్బదో పాఠములకు ముందే చెప్పవచ్చునని వ్రాసిరి. ఆ మాట దేశదేశముల వ్యాపించెను. తమకు ఈ విద్య పుట్టుకతో లేదని నమ్మినవారు ఎందఱుందురో! 2014లో బోర్నాట్ ఆ ప్రకటనను బహిరంగముగా ఉపసంహరించుకొనెను. పెట్టెల ప్రశ్న మంచిదే. నేడు ఏమి తెలియునో చెప్పును. రేపు ఏమి రాదో అది చెప్పదు.

సమాధానములను కంప్యూటరుచేతనే దిద్దించు పద్ధతియు నేడు కలదు. కొన్ని అంకెలను ప్రోగ్రామునకిచ్చి, వచ్చిన జవాబును సరిచూతురు. ఇందు మేలేమనగా, విద్యార్థి తన తప్పును వెంటనే తెలిసికొనును. అయితే ఏ అంకెలిచ్చి చూడవలెనో నిర్ణయించుట మనుష్యుని పని. వానలెక్కకు 0, 12, 0, 38, 10 ఇచ్చి ఊరకుండిన చాలదు. మొదటి అంకెయే –1 యైనచో? దిద్దిన ప్రోగ్రాము కూడ సున్నతో భాగింపబోయి చిక్కుకొనును. దినములు సున్న యైనచో "అంకెలు లేవు" అని చెప్పి ఊరకుండవలెను. మఱియొకటి: ఒక దినము వర్షమాపకమును ఎవరును చూడలేదు, గడి ఖాళీగా నున్నది. దానిని 0 అని ఎక్కించవచ్చునా? సున్న యనగా వాన కురియలేదని అర్థము. ఖాళీ గడి యనగా తెలియదని అర్థము. ఎవరైన బాలుడు "సరాసరి అన్ని దినములకా, వానదినములకు మాత్రమేనా?" అని ఎదురు అడిగినచో కోపింపరాదు. పై అంకెలలో వానదినములు మూడే. వానికి మాత్రము సరాసరి కట్టినచో 12 కాదు, 20 వచ్చును. ప్రశ్నలోని లోపమును పట్టినవానికి మార్కులు వేయు గడి ఒకటి పరీక్షకుని పట్టికలో ఉండుట మంచిది.

వేరుసెనగ రైతునకు సరాసరికంటె ఎక్కువ పనికివచ్చు లెక్క యొకటి కలదు: వరుసగా వాన లేకుండ గడచిన దినములు అత్యధికముగా ఎన్ని? 0, 12, 0, 0, 0, 38, 0, 0, 10, –1 అను అంకెలకు జవాబు 3. వానలేని దినములన్నియు లెక్కించినవాడు 6 అని చెప్పును. అతడు ప్రశ్నను సరిగా చదువలేదు. దీనికి రెండు పెట్టెలు కావలెను. ఒకటి ఇప్పుడు నడచుచున్న వరుసను లెక్కించును, వాన రాగానే సున్న యగును. రెండవది అంతవఱకు చూచిన వరుసలలో అన్నిటికంటె పెద్దదానిని దాచుకొనును. వాన వచ్చినప్పుడు మాత్రమే రెండు పెట్టెలను పోల్చి చూచునట్లు పలువురు వ్రాయుదురు. పై అంకెలకు ఆ ప్రోగ్రాము 3 అనియే సరిగా చెప్పును. 12, 0, 0, 38, 0, 0, 0, 0, –1 అను అంకెలిచ్చినచో 2 అని చెప్పును. ఎందుకు అట్లు చెప్పినదో, ఏ పంక్తిని ఎచటికి మార్చవలెనో పలకపై నడిపి చూడుడు.